కొడుకు పడవలో ఉంటాడంట, పోవల్లా వద్దా?

ఈసారి ఒక్క ఉత్తరానికే జవాబు రాస్తాండా, యాలంటే దీనికి నాలుగు లైన్లు సరిపోవు. రాసింది కర్నూలు నుంచి ఒక అక్క, పేరు వద్దన్నారు. వాళ్ళబ్బాయికి 31 ఏండ్లు, ఇంగ్లండులో ఉద్యోగం. ఆరేండ్లు అద్దె రూముల్లో ఉండి ఉండి పోయిన ఏడాది ఒక పాత పడవ కొనుక్కొని దాంట్లోకి మారిపోయినాడంట. వీళ్ళాయన బ్యాంకులో చేసి రిటైరైనారు, ఇల్లూ వాకిలీ లేనోడికి పిల్లనెవరిస్తారని నాలుగు నెలల నుంచి కొడుకుతో మాటల్లేవు. ఏప్రిల్లో వచ్చి ఒక వారం తనతో ఉండి పొమ్మని ఆ అబ్బాయి అమ్మని పిలుస్తాండాడు. అక్క ఆఖర్లో రాసింది ఉన్నదున్నట్లు పెడతాండా: "2009లో తుంగభద్ర ఊర్లోకొచ్చినప్పుడు రెండు రాత్రులు మిద్దె మీద కూర్చున్నాం. నీళ్ళంటే నాకు ఆ రాత్రులే గుర్తొస్తాయి. వాడు దినామూ నీళ్ళ మీద పడుకుంటాడంటే నాకు నిద్ర పట్టడంలేదు. స్నానం ఎట్ల, వంట ఎట్ల, బాత్రూం ఎట్ల? నేను పోవల్లా వద్దా?"

పోండక్కా. ముందు ఆ మాట చెప్పేస్తా, మిగతాదంతా తర్వాత. నేను ఇది ఊరికే అనడంలేదు, మా చెల్లెలి కొడుకు కూడా ఆ దేశంలో పడవలోనే ఉంటాడు. మాది అనంతపురం, మా ఇంట్లో కూడా ఇట్లనే ఫోన్లు ఆగిపోయినాయి, మా చెల్లెలు ఏడ్చి ఏడ్చి చివరికి "నువ్వే పోయి చూసిరాక్కా, నువ్వు చెప్తే నమ్ముతా" అని నన్ను పంపించింది. పోయిన అక్టోబరు చివర్లో ఒక శనివారం ఎక్కి, మళ్ళా ఆదివారం దాకా ఆ పడవలోనే వండుకొని తిని పడుకున్నా. అందుకే మీకు ఆ వారం ఎట్ల గడిచిందో చెప్తా, మీరు అడిగినవన్నీ దాంట్లోనే వస్తాయి.

దానికంటే ముందు మీ భయం. 2009 అక్టోబరు 2న కర్నూల్లో ఏమైందో కండ్లతో చూసినోళ్ళకి నీళ్ళంటే భయం పోదు, పోవల్లని నేను చెప్పను. కానీ ఆ దినం మీ వీధిలోకొచ్చింది నది. మీ అబ్బాయి ఉండేది కాలువలో. మీ ఊరి మధ్యలోనే కేసీ కెనాల్, అదే కర్నూలు-కడప కాలువ, ఉంది కదా, వినాయకుడిని నిమజ్జనం చేసేది దాంట్లోనే కదా, ఆ నీళ్ళు సుంకేసుల కాడ వదిలితే వస్తాయి, మూస్తే తగ్గిపోతాయి. అక్కడి కాలువలు కూడా అట్ల మనుషులు తవ్వినవే, 1761లో మాంచెస్టర్‌కి బొగ్గు మోయడానికి బ్రిడ్జ్‌వాటర్ కాలువ తెరిచినారు, ఆ తర్వాత వంద ఏండ్లలో దేశమంతా తవ్వుకుంటూ పోయినారు. లాకులు, అంటే రెండు వైపులా తలుపులుండే గదులు, పెట్టి నీళ్ళని మెట్లు మెట్లుగా నిలబెట్టి ఉంటారు, ప్రవాహం దాదాపు ఉండదు, చెరువులో నీళ్ళ మాదిరి నిలకడగా ఉంటాయి, ఎక్కువైతే పక్కకి పొర్లిపోయేదానికి కట్టలో దోవలుంటాయి. లోతు కూడా శానా చోట్ల మనిషి నడుముకో ఛాతీకో వస్తుంది, అంతే. ఒక్కటి మాత్రం మీ అబ్బాయిని సూటిగా అడగండి, నువ్వు కట్టుకునేది కాలువలోనా నదిలోనా అని. అక్కడ కొన్ని దోవలు నదుల్లోంచి కూడా పోతాయి, చలికాలం వానలకి ఆ నదులు లేస్తాయి, పడవ కట్టిన తాళ్ళు చూసుకోవల్ల, కొన్నిసార్లు రోజుల తరబడి కదిలేదానికి ఉండదు. కాలువలోనే అంటే మీరు సగం భయం ఆడనే దించేయొచ్చు.

పడవ అంటే నేను మన పుట్టి మాదిరో, సంగమేశ్వరం గుడి కాడ శ్రీశైలం నీళ్ళలో తిరిగే బోట్ల మాదిరో ఉంటాదనుకున్నా. అది వేరే. ఇనుముతో చేసిన పొడుగాటి పెట్టె అది, అడుగు రేకు పది మిల్లీమీటర్ల మందం. వెడల్పు ఏడడుగులకి రెండంగుళాలు తక్కువ, మా వాడిది పొడుగు 57 అడుగులు. అంటే మన ఆర్టీసీ బస్సు కంటే సన్నం, బస్సున్నర పొడుగు. ఆ కొలత ఎవరో ఇష్టానికి పెట్టింది కాదు, పాత లాకులు శానావరకు ఏడడుగుల వెడల్పుకే కట్టినారు, దాంట్లో పట్టల్ల కాబట్టి. లోపల రైలు బోగీ మాదిరి ఒకదాని వెనక ఒకటి, ముందర బొగ్గు పొయ్యి, సోఫా, తర్వాత వంటగట్టు, బాత్రూం, మంచం, చివర్లో ఇంజను. ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకి తిరిగి నిలబడల్ల. గోడలకంతా చెక్క కొట్టి ఉంది, వెచ్చగా కనపడతాది. ఇంటి పేరు మాదిరి పడవకొక పేరు పెయింటు రాసుకుంటారు, కిటికీ కింద పూలు వేసుకుంటారు. ఒకప్పుడు బొగ్గు మోసేవాళ్ళు పెండ్లాం బిడ్డలతో వెనకాల పదడుగుల గదిలోనే సంసారం చేసినారంట, 1962-63 చలికాలంలో కాలువలన్నీ వారాల తరబడి గడ్డకట్టి ఆ సరుకు వ్యాపారం పూర్తిగా దెబ్బతినిపోయింది, ఇప్పుడు ఆ కాలువల మీద ఉండేది ఇట్ల ఇల్లుగా చేసుకున్నోళ్ళూ సెలవులకొచ్చేవాళ్ళే.

మొదటి రాత్రి నిజంగా నిద్ర పట్టలేదు. ఊగుతాదని కాదు, అది ఊగదక్కా, కట్టేసి ఉన్నప్పుడు ఎవరన్నా ఎక్కినా దిగినా కొంచిం వంగుతాది, పక్కన ఇంకో పడవ బిరబిర పోతే తాళ్ళు గుంజుకుంటాయి, అంతే. నాకు నిద్ర పట్టనిది నిశ్శబ్దానికి. తెల్లారుజామున ఎవరో పడవని కింద నుంచి టకటకా కొడతాండారు, గుండె జల్లుమంది. లేచి చూస్తే బాతులు, పడవకి పట్టిన పాచిని పొడుచుకొని తింటాండాయి. మరుసటి దినం నుంచి ఆ శబ్దానికే లేచేదాన్ని.

ఆదివారం నీళ్ళు నింపుకున్నాం, అక్కా, ఇది నేను మీకు నిదానంగా చెప్పల్ల, యాలంటే నా మనసు మారింది ఈడనే. పడవ ముక్కు కింద నీళ్ళ ట్యాంకు ఉంటాది, మా వాడిది 400 లీటర్లు. అయిపోతే నింపేవాళ్ళు ఎవరూ రారు, కాలువ గట్టున అక్కడొకటి ఇక్కడొకటి కొళాయి ఉంటాది, పడవని అంత దూరం నడుపుకొని పోయి పైపు తగిలించి నింపుకోవల్ల, గంట సేపు పైనే పట్టింది మాకు. ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ ముక్కు పైకి లేస్తాది, వాడు గట్టు మీద నుంచి చూసి ఇంకెన్ని దినాలొస్తాయో చెప్పేస్తాడు. ఆ పిల్లోడు బియ్యం కడిగిన నీళ్ళు పారబోయకుండా కూరగాయలు కడుగుతాండాడు, ఆ నీళ్ళతో బోకులు తొలిచి పెడతాండాడు. నీళ్ళు పోసుకునేటప్పుడు తడుపుకొని, కొళాయి కట్టేసి, సబ్బు రుద్దుకొని, మళ్ళా తిప్పుతాండాడు. నేను గమ్మున చూస్తా నిలబడినా. ఇది వాడికి ఇంగ్లండోళ్ళు నేర్పిన పని కాదు. మా అమ్మ, అంటే వాడి అవ్వ, అనంతపురంలో చేసింది ఇదే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర వాన పడే ఊర్లో, 1995 తర్వాత సత్యసాయి నీళ్ళు జిల్లాకి వచ్చేదాకా, మేము ట్యాంకరు కాడ బిందెలు వరసలో పెట్టి, ఈ బిందె తాగేదానికి, ఈ బిందె వంటకి, ఈ సగం బిందె కాళ్ళు కడుక్కునేదానికి అని లెక్కేసుకొని పెరిగినోళ్ళం. వాడు చిన్నప్పుడు వేసవి సెలవుల్లో అవ్వ కాడ చూసింది ఆడ చేస్తాండాడు. "నీకెవరు నేర్పించినారురా" అంటే "అవ్వే కదా పెద్దమ్మా" అన్నాడు. ఆడి దోస్తులకి పడవలోకొచ్చిన కొత్తలో నీళ్ళు నాలుగు దినాలకే అయిపోయేవంట, మా వానికి మొదటిసారే పదిహేను దినాలొచ్చినాయంట. అక్కా, మన సీమ పిల్లోళ్ళకి ఈ బతుకు కొత్త కాదు. మీరు మీ అబ్బాయి కాడికి పోయినప్పుడు కొళాయి కాడ వాడి చెయ్యి చూడండి, మీ ఇంటి చెయ్యే కనపడతాది.

కరెంటు కూడా అట్లనే కొలత మీదనే. పైకప్పు మీద సోలార్ పలకలు, లోపల బ్యాటరీలు. ఎండాకాలం చాలినంత వస్తాది, అక్టోబరు దాటితే ఎండే ఉండదు, ఇంజను తిప్పి చార్జి చేసుకోవల్ల, అది కూడా రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా తిప్పకూడదు, పక్క పడవలోళ్ళు పడుకుంటారని నియమం. మిక్సీ వేసే ముందర "పెద్దమ్మా ఒక్క నిమిషం" అని మీటరు చూసొస్తాడు. నేను పచ్చడి రోట్లో నూరుకుంటే సరిపోయేదని అప్పుడనిపించింది, మీరు చిన్న రోలు తీసుకుపోండి బరువు కాకపోతే.

బాత్రూం సంగతి అడిగినారు, సిగ్గుపడాల్సిందేం లేదు చెప్తా. మామూలు కమోడ్ మాదిరే ఉంటాది, కింద ఒక డబ్బా, ఇరవై లీటర్ల దాకా పడతాది, ఇద్దరుంటే రెండు మూడు దినాలకి నిండుతాది. దాన్ని బయటికి లాగి, మోసుకుపోయి, గట్టున దానికోసమే కట్టిన చోట పోసి కడిగి తెచ్చుకోవల్ల, ఆ చోటుని ఎల్సన్ అంటారు. కాలువలో పోయకూడదు. మా వాడు బుధవారం పొద్దున వానలో ఆ డబ్బా మోసుకుంటూ పోతాంటే నాకు కండ్లల్లో నీళ్ళొచ్చినాయి, ఇంత చదివి ఇదేం పనిరా అనిపించింది. తిరిగొచ్చి చేతులు కడుక్కొని టీ పెట్టుకొని లాప్‌టాప్ ముందర కూర్చున్నాడు, మీటింగులో నవ్వుతా మాట్లాడినాడు. మనింట్లో ఆ పని ఇంకొకరు చేస్తారు, మనకి కనపడదు, ఆడ వాని పని వాడు చేసుకుంటాండాడు. అది నామర్దా అని నేను ఇంక అనుకోను.

ఇప్పుడు భయపడాల్సిన వాటికి నిజంగా భయపడండి, నీళ్ళకంటే ముందు పొయ్యికి. చలికాలం పడవని వెచ్చగా ఉంచేది ఆ బొగ్గు పొయ్యే, పొగ తక్కువ వచ్చే బొగ్గు ఉండలు సంచుల్లో అమ్ముతారు, వారానికి ఒకసారో రెండుసార్లో బొగ్గూ గ్యాసూ డీజిలూ వేసుకొని ఒక పడవే అంగడి మాదిరి వస్తాది కొన్ని చోట్ల. రాత్రి పడుకునే ముందర గాలి తగ్గించి పొయ్యి ఆరిపోకుండా పెట్టుకుంటారు, పొద్దున బూడిద దులిపి మళ్ళా రాజేస్తారు. ఆ పొయ్యి నుంచి పొగ బయటికి పోకుండా లోపల చేరితే కార్బన్ మోనాక్సైడ్, దానికి వాసన లేదు, రంగు లేదు, తలనొప్పి వచ్చినట్లుండి నిద్రలోనే ప్రాణం పోతాది. చలికి భయపడి గాలి రంధ్రాలు గుడ్డతో మూసేవాళ్ళుంటారు, అది శానా తప్పు. 2019 ఏప్రిల్ నుంచి పడవల సేఫ్టీ పరీక్షలో ఆ అలారం ఉండల్లని నియమం పెట్టినారు, ఆ పరీక్ష నాలుగేండ్లకొకసారి చేయించుకోవల్ల, ఆ సర్టిఫికెట్టూ ఇన్సూరెన్సూ లేకుండా పడవకి లైసెన్సే ఇయ్యరు. మీరు ఫోన్లో అడగండి: అలారం ఉందా, బ్యాటరీ ఎప్పుడు మార్చినావు, పొద్దున బటన్ నొక్కి చూసినావా? గ్యాసు కూడా ముందర బయట పెట్టెలోనే ఉండల్ల, యాలంటే ఆ గ్యాసు గాలికంటే బరువు, లీకైతే పడవ అడుగున చేరుకుంటాది, ఆ పెట్టెకి నీళ్ళ వైపు చిల్లి ఉంటాది బయటికి పోయేదానికి. మీరు దీపం పెట్టుకుంటారు కదా, పెట్టుకోండి, కానీ చెక్క గోడలు, పరదాలు దగ్గర కాకుండా బరువైన కుందిలో, మీరు ఎదురుగా ఉన్నంతసేపే.

రెండోది చెమ్మ. వంట ఆవిరికీ మన ఊపిరికీ కిటికీలకి లోపల నీళ్ళు కారతాంటాయి, పొద్దునే గుడ్డ పెట్టి తుడవల్ల, లేకుంటే బట్టలకి బూజు. మా వానికి పోయిన చలికాలం దగ్గు నెల రోజులు ఉండిందంట, మాకెవరికీ చెప్పలేదు. మీ అబ్బాయి కూడా చెప్పి ఉండడు, అడగండి. కాలువ నీళ్ళు చేతికి తగిలితే సబ్బుతో కడుక్కోవల్ల, గాయాలుంటే ప్లాస్టరు వేసుకోవల్ల, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళతో వచ్చే ఎలుక జ్వరం ఆడ కూడా ఉంది. డాక్టరు సంగతి మీరు రాయలేదు కానీ మనసులో ఉండే ఉంటాది, ఇంగ్లండులో దగ్గర్లో ఉన్న డాక్టరు దగ్గర పేరు రాయించుకునేదానికి ఇంటి అడ్రసు రుజువు చూపించల్లనే నియమం లేదు, రాయించుకున్నాడో లేదో కనుక్కోండి.

కదిలే సంగతి చెప్పలేదు కదా. సొంత రేవు, అంటే పడవని ఎప్పుడూ కట్టుకునే చోటు, లేనోళ్ళు ఒకే చోట 14 దినాలకి మించి ఉండకూడదు, 1995 చట్టంలో ఉంది అది, కదులుతానే ఉండల్ల. ఇంగ్లండు, వేల్స్‌లో కాలువలని చూసుకునేది 2012 నుంచి కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ అనే సంస్థ, రెండు వేల మైళ్ళ దోవ వాళ్ళ చేతిలో ఉంది. మేము నార్తాంప్టన్ పక్కన బ్లిస్‌వర్త్ అనే పల్లెలో ఎక్కినాం, ఆదివారం నీళ్ళు నింపుకొని సొరంగంలోంచి స్టోక్ బ్రూన్ అనే ఊరికి పోయినాం. ఆ సొరంగం 1805 నాటిది, 2,813 మీటర్లు, పక్కన నడిచేదానికి గట్టు కూడా లేదు. గుర్రాలతో పడవలు లాగే కాలంలో గుర్రాన్ని కొండ మీదుగా తోలుకుపోయి, మనుషులు పడవ మీద పలక వేసి వెల్లకిలా పడుకొని గోడల మీద కాళ్ళతో నడుస్తా పడవని తోసినారంట, ఆ మాట విన్నాక నేను లోపలున్నంతసేపు గోడలే చూస్తా ఉన్నా. అరగంట పైనే చీకటి, పైన గాలి గుంతల్లోంచి నీళ్ళు బొటబొటా. భయమేసింది, అవును. మా వాడు వెనకాల చుక్కాని పట్టుకొని "పెద్దమ్మా, చెయ్యి బయట పెట్టద్దు, తల బయట పెట్టద్దు" అని రెండు మాటలే చెప్పినాడు. స్పీడు గంటకి నాలుగు మైళ్ళు మించకూడదు, అంటే మనం బిన్నా నడిచినంత.

సోమవారం నుంచి శుక్రవారం దాకా స్టోక్ బ్రూన్‌లోనే ఉన్నాం, ఆ దినాలు మామూలు ఇంటి దినాలే, వాడు ఫోను సిమ్‌తో నెట్ పెట్టుకొని పని, నేను పప్పు, జొన్నరొట్టె, పొద్దున ఉగ్గాని. అప్పటికే గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పేసినారు, నాలుగున్నర ఐదుకే చీకటి. పక్క పడవలో ఒక ముసలాయన, భార్య పోయినాక ఇల్లు అమ్మేసి వచ్చినాడంట, నేను రొట్టె ఇస్తే మరుసటి దినం మా పడవ మీద కట్టెలు కొట్టి పెట్టిపోయినాడు. మా వాడు జ్వరంతో ఉన్నప్పుడు వానికి నీళ్ళ ట్యాంకు నింపింది ఆయనే. కర్నూల్లో మీ వీధిలో మీకెంతమంది ఉన్నారో ఆడ వానికి కూడా కొందరున్నారు, మీ అబ్బాయికి ఎవరున్నారో పోయి వాళ్ళ మొహాలు చూసి రండి, నిద్ర పడతాది.

శనివారం లాకులు దిగినాం, ఏడు లాకులు ఒకదాని తర్వాత ఒకటి. అక్కా, ఇది మాత్రం మీరు చెవిలో వేసుకోవల్ల. లాకు అంటే పెద్ద గది, రెండు వైపులా పెద్ద తలుపులు, పడవ లోపలికి పోయినాక వెనక తలుపు మూసి, ఇనుప చేతికర్రతో షట్టరు తిప్పితే నీళ్ళు దిగిపోతాయి, పడవ కూడా దాంతోనే దిగుతాది. వెనక తలుపు కింద రాతి గట్టు ఒకటి ముందుకొచ్చి ఉంటాది, నీళ్ళు దిగేటప్పుడు పడవ వెనక భాగం దాని మీద కూర్చుంటే ముక్కు కిందికి పోయి పడవ మునిగిపోతాది, నిమిషాల్లో. మూడో లాకులో మా వాడు ఫోను వచ్చిందని ఒక క్షణం పక్కకి చూసినాడు, పడవ మెల్లగా వెనక్కి జరుగుతాండాది. గట్టు మీద షట్టరు కాడ ఉన్న ఒకామె గట్టిగా అరిచి షట్టరు మూసేసింది. ఏమీ కాలేదు. కానీ ఆ సాయంత్రం నేను వాని దగ్గర మాట తీసుకున్నా, లాకులో ఉన్నంతసేపు ఫోను లోపల పెట్టేస్తానని, ఒక్కడే నడిపేటప్పుడు లైఫ్ జాకెట్ వేసుకుంటానని. మీరు కూడా మీ అబ్బాయి దగ్గర ఈ రెండు మాటలు తీసుకోండి. "పడవ అమ్మేయ్" అని ఏడిస్తే వినడు, ఇది వింటాడు. మీరు మాత్రం లాకు తలుపుల మీద నడవద్దు, పడవకీ గట్టుకీ మధ్య కాలో చెయ్యో పెట్టి ఆపాలని చూడద్దు, అది పదిహేను టన్నుల పైన బరువు ఉంటాది. తాడు పట్టుకోండి, లేదా లోపల కూర్చోండి.

పిల్ల సంబంధాల మాటకొస్తే, మీ ఆయనకి కోపం యాడ నుంచి వచ్చిందో నాకు తెలుసు, మనకి ఇల్లంటే గౌరవం, కట్టినోడే నిలబడినోడని. ఆయన భయంలో న్యాయం కూడా ఉంది. పడవ భూమి మాదిరి కాదు, ఏటికేడు విలువ తగ్గేదే, రెండు మూడేండ్లకొకసారి నీళ్ళలోంచి పైకి తీసి అడుగంతా తారు పూయించల్ల, లేకుంటే తుప్పు. లైసెన్సు ఫీజు కూడా సొంత రేవు లేనోళ్ళకి 2024 నుంచి ఎక్కువ చేసినారు. చవకని చెప్పి వచ్చిన పిల్లోళ్ళు ఈ ఖర్చులు లెక్కేసుకోక ఇబ్బంది పడతారు. అందుకని మీ అబ్బాయితో కూర్చొని నెలకి అద్దె కట్టినప్పుడు ఎంత, ఇప్పుడెంత, మిగిలింది యాడ పెడతాండాడు అని కాగితం మీద రాయించండి, మిగులుతాంటే ఆయనకి ఆ కాగితం చూపించండి, మిగలకపోతే అబ్బాయినే నిలదీయండి, అది అమ్మగా మీ హక్కు. సంబంధం చూసేవాళ్ళకి మాత్రం దాయద్దు. "ఫ్లాట్‌లో ఉంటాడు" అని ఒక్క అబద్ధం చెప్తే ఆ పిల్ల జనవరిలో ఆ చెమ్మ కిటికీల ముందర నిలబడి మిమ్మల్ని తిడతాది. ఉన్నది చెప్పండి, పెండ్లి చేసుకునే పిల్ల వీడియోలో ఎండాకాలం పూలు కాదు, చలికాలం డబ్బా మోసేది చూసి ఒప్పుకోవల్ల. అట్ల ఒప్పుకునే పిల్ల దొరకదనుకుంటే, పెండ్లి నాటికి గట్టు మీదికి వస్తావా అని వాణ్ణే అడగండి, నవ్వుతా అడగండి.

మీ ఆయనతో ఒక పని చేయండి. ఆఖరి ఆదివారం మేము కాస్‌గ్రోవ్ అనే చోట కాలువ నది మీదుగా దాటినాం, 1811లో కట్టిన ఇనుప తొట్టి, కింద గ్రేట్ ఊస్ నది పారతాంటాది, మేము పైన పడవలో. అప్పుడు నాకు మీ ఊరే గుర్తొచ్చింది, హంద్రీ మీదుగా కేసీ కెనాల్ దాటే అక్విడక్టు. ఆ కేసీ కెనాల్ కూడా 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వింది పొలాలకే కాదు, సుంకేసుల నుంచి కడప దాకా మూడు వందల కిలోమీటర్ల పైన పడవలు నడిపేదానికి కూడా, అందుకే దానికి లాకులు పెట్టినారు, లెక్క కలిసిరాక 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. ఒక సాయంత్రం వాకింగ్‌కని ఆయన్ని ఆ అక్విడక్టు కాడికి పిలుచుకుపోండి, వాని గురించి ఎత్తద్దు, ఈ కాలువ మీద ఒకప్పుడు పడవలు పోవల్లనుకున్నారంట అని మాత్రం చెప్పండి. బ్యాంకులో పనిచేసినాయన కదా, ఎంతకి కట్టినారు ఎందుకు నష్టమొచ్చింది అని ఆయనే అడుగుతాడు. ఆడ నుంచే వీడియో కాల్ చేయండి, మీ అబ్బాయి కూడా వాని కాలువ చూపిస్తాడు. అప్పటికీ మాట్లాడకపోతే బలవంతం వద్దు, మీరొక్కరే టికెట్ చేసుకోండి.

సామాన్లకి గట్టి పెట్టె వద్దు, పెట్టేదానికి ఆడ చోటుండదు, మడిచి మంచం కింద తోసేదానికి వచ్చే గుడ్డ సంచి తీసుకోండి. దిగేటప్పుడు ఎక్కేటప్పుడు మూడు మెట్లు నిటారుగా ఉంటాయి, మీకు మోకాళ్ళ నొప్పులని రాసినారు, గట్టు వైపు పట్టుకునే కమ్మీ ఉందా అని ముందే అడిగి, లేకపోతే బిగించమనండి. చీర కట్టుకొని లాకు కాడ తిరగద్దు, చూడీదార్ వేసుకోండి, చెప్పులు కాకుండా జారని బూట్లు. జొన్నపిండి, శెనక్కాయల పొడి, చింతపండు, చిన్న కుక్కరు. ఏప్రిల్లో పగలు ఎండ ఉన్నా రాత్రి పొయ్యి వేయల్సిందే, ఉన్ని సాక్సులు రెండు జతలు ఎక్కువ పెట్టుకోండి, ఒక జత వానికి ఇచ్చి రండి.